డిసెంబరు గోవా ఎవరి సీజను?

"గోవాకి పోతే డిసెంబర్లోనే పోవాలి. తతిమ్మా కాలమంతా ఆఫ్ సీజను, డబ్బులు దండగ." మా గిద్దలూరులో ట్రావెల్స్ బండి తోలే మనిషి దగ్గర్నుంచి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కుర్రాడి దాకా అందరిదీ ఇదే మాట. కంభంలో అడిగినా ఇదే, మార్కాపురంలో అడిగినా ఇదే. ఇంతమంది ఇంత గట్టిగా చెప్తుంటే ఎవరో ఒకరు లెక్క వేసి చూసే ఉంటారనుకుంటాం. ఎవరూ వేయలేదు. ఒకరన్నది ఇంకొకరు అన్నారు, అంతే. గోల చేయడానికి గోవా పోయేవాళ్ళకి ఈ మాట నప్పుతుందో లేదో వాళ్ళే చూసుకుంటారు. అక్కడ తయారయ్యేదాన్ని గుక్కెడు గుక్కెడుగా రుచి చూసి, సముద్రం ఒడ్డున రెండు మూడు సాయంత్రాలు కూర్చుని రావాలనుకునేవాడికి మాత్రం డిసెంబరంత పనికిమాలిన నెల ఇంకోటి లేదు. మార్చి ఆఖరు నుంచి మే మొదటివారం దాకా, అందరూ వద్దనే ఆ ఎండాకాలమే అతను వెళ్ళాల్సిన కాలం.

ఎండ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఎవరైనా మొదట పట్టుకునేది దాన్నే. "ఏప్రిల్లో గోవానా? ఏంది బావా, మతి ఉండే మాట్లాడుతున్నావా? మాడిపోతావ్" అని స్టేషన్ రోడ్డు టీకొట్టు దగ్గర ఒకాయన నన్ను కేకలేశాడు. ఆ మాట అనే వేళకి ఆయన నెత్తిన తడి తువ్వాలు ఉంది, టైము ఇంకా పొద్దున పది కాలేదు. ఏప్రిల్లో మా ఎండ 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, మే వచ్చిందంటే 42, 43 చూస్తూనే ఉంటాం. పొద్దుగూకినా నాపరాళ్ళ అరుగు మీద కూర్చోలేం. అదే నెలల్లో గోవా తీరాన పగటి వేడి 33, 34 దగ్గర ఆగుతుంది. ఉక్కపోత ఉంటుంది, కాదనను, చొక్కా వీపుకి అంటుకుపోతుంది. అయినా గాలి సముద్రం మీంచి వస్తుంది. మాడిపోతావని నన్ను భయపెట్టే ఆయన, ఆ మాడటం ఏదో గిద్దలూరులోనే కూర్చుని మాడమంటున్నాడన్నమాట.

అసలు డిసెంబరు సీజను ఎట్లా అయింది? 1980లలో ఐరోపా నుంచి గోవాకి చార్టర్ విమానాలు మొదలయ్యాయి. అక్కడ మంచు పడుతుంటే ఇక్కడ ఇసుక మీద పడుకోవచ్చునని బ్రిటన్ వాళ్ళూ, జర్మనీ వాళ్ళూ, తర్వాత రష్యా వాళ్ళూ దిగారు. వానలు తగ్గిన అక్టోబర్లో మొదలై మార్చితో వాళ్ళ రాక సన్నగిల్లుతుంది. క్రిస్మసూ, కొత్త సంవత్సరమూ సరిగ్గా దానికి నడిమధ్య. హోటళ్ళు ధరల పట్టిక రాసుకున్నది వాళ్ళని చూసి. ఆ తర్వాత పుణె, బెంగళూరు, హైదరాబాదు అదే పట్టికకి తలూపాయి. వాళ్ళని చూసి మనం. చలికి వణికేవాడు ఎండని వెతుక్కుంటూ పోయే నెలని ఎండకి వేగేవాడు నెత్తిన పెట్టుకోవడంలో ఉన్న తెలివేంటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పైగా డిసెంబరు చివరివారంలో గది అద్దె మామూలు రోజులకి రెండింతలో మూడింతలో కట్టి మరీ.

పోనీ మా పశ్చిమ ప్రకాశంలో డిసెంబర్లో తీరిక ఎవరికుంది? కంది కోతకొచ్చే వేళ. మిరపతోటకి కాపు దిగే వేళ. పొగాకు వేసినవాడు మడి వదిలి కదలలేడు. సరుకు ఇల్లు చేరి, అమ్ముడుపోయి, చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఫిబ్రవరి, మార్చి దాటాకే. బడిపిల్లల పరీక్షలు అయిపోయేదీ ఏప్రిల్లోనే. ఉగాది వెళ్ళాక తొలకరి దాకా ఈ మెట్టప్రాంతంలో మనిషి ఊపిరి పీల్చుకునే రోజులు అవే. మన తీరిక సరిగ్గా వాళ్ళ ఆఫ్ సీజనులో పడింది. ఇది మనకి కలిసొచ్చిన సంగతి. దీన్నే మనవాళ్ళు లోపంగా చెప్పుకుంటారు.

వాతావరణమూ ధరలూ పక్కన పెట్టి అసలు విషయానికొస్తాను. రుచి చూడటానికి పోయేవాడు హోటలువాడి పట్టికని కాదు, పంటని చూసి బయల్దేరాలి. ద్రాక్ష దేశాల్లో ఈ సంగతి ఎప్పుడో అర్థమైంది. పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్ అని ఎండ కాసే తీరం ఒకటుంది. వేసవిలో అక్కడ జనం కిటకిటలాడతారు. వైన్ కోసం పోయే పెద్దమనుషులు కొందరు చలికాలంలోనే వెళ్తారు. తీగలు ఆకు రాల్చి మోడుల్లా ఉంటాయి గానీ వైన్ పీపాల్లో భద్రంగా ఉంటుంది. గది చవక. కోత హడావుడి లేదు కాబట్టి తోటవాళ్ళే ఎదురుగా నిలబడి పోసి, ఏ గుత్తి ఏ వాలు మీద పండిందో చెప్పే ఓపికతో ఉంటారు. కోతల వేళ వాళ్ళకి తల గోక్కునే తీరిక ఉండదు.

మన దేశంలో తోటల పద్ధతి వేరు. నాసిక్‌లో ద్రాక్షకి ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు, ఏప్రిల్లో ఒకటి, సెప్టెంబరు అక్టోబర్లలో ఒకటి. కోత ఒక్కటే, జనవరి నుంచి మార్చి దాకా. అంటే ద్రాక్షతోటలో పండు చూడాలన్నా డిసెంబరు తొందరే అవుతుంది. గోవాలో అయితే చెప్పుకోదగ్గ వైన్ ద్రాక్షే లేదు. ఆ వానకీ ఆ తేమకీ తీగ నిలవదు. గోవా పోర్ట్ వైన్ అని మనవాళ్ళు మురిసిపోతూ కొనే తియ్యటి ఎర్రసీసాలో ఉన్నది మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి వచ్చిన ద్రాక్ష. దాన్ని రుచి చూడటానికి గోవా పోవడం, వేటపాలెం జీడిపప్పు కొనడానికి చెన్నై పోవడం లాంటిది.

గోవా నేల సొంతంగా ఇచ్చేది జీడిమామిడి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు అది. గింజ ప్రపంచమంతా తిరిగింది, పండుని మాత్రం గోవావాళ్ళు ఊరికే పోనివ్వలేదు. ఫిబ్రవరి చివర్లో పండు రాలడం మొదలై మే దాకా రాలుతూనే ఉంటుంది. చెట్టు మీంచి కోయరు, నేల రాలినదాన్నే ఏరతారు. రాలిందంటేనే పండినట్టు. ఏరినచోటే గింజని మెలిపెట్టి తీసేసి, పండ్లని రాతి తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కుతారు. ఆ తొట్టిని కొల్మి అంటారు. ఇప్పుడు చాలాచోట్ల గానుగలాంటి మరలొచ్చాయనుకోండి. తొక్కగా మిగిలిన పిప్పిని ముద్ద కట్టి, పైన రాయి బరువు పెడితే రాత్రంతా బొట్టు బొట్టుగా రసం దిగుతుంది. అది నీరో. పులవని ఆ రసాన్ని చల్లగా, తెల్లారి తాగితే జామపండు తీపీ నాలుక చివర కొంచెం వగరూ. మత్తు ఏమీ ఉండదు, పిల్లలూ తాగొచ్చు. అసలు రసాన్ని డ్రమ్ముల్లో మూడు రోజులు వదిలేస్తారు. ఈస్టు లేదు, మందు లేదు, గాలిలో ఉన్నదే పులియబెడుతుంది. తర్వాత భట్టీ ఎక్కిస్తారు. మొదటి కాపులో దిగేది ఉర్రాక్, బలం తక్కువ, సుమారు 15 శాతం. ఉర్రాక్‌ని కొత్త రసంతో కలిపి మళ్ళీ కాస్తే దిగేది ఫెనీ, నలభై పైచిలుకు శాతం.

భట్టీ దగ్గర నిలబడ్డవాడికి ముందు ముక్కు పని చేస్తుంది. కట్టెల పొగ, మగ్గిన పండు కంపు, దాంట్లోంచి అకస్మాత్తుగా పనసతొన విప్పినట్టు ఒక ఘాటు. సారా పట్టే కుండ మీద ఒకామె మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉంటుంది, అది వేడెక్కితే ఆవిరి చల్లబడదు కాబట్టి. చిన్న గాజు గ్లాసులో ఉర్రాక్ పోసి, నిమ్మసోడా కలిపి, చిటికెడు ఉప్పేసి, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి వేసి ఇస్తారు. మిరపకాయ సంగతి మా ప్రకాశం వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, గ్లాసులో వేసుకోవచ్చని మాత్రం మనకి తట్టలేదు.

ఇక్కడే డిసెంబరు వాదం కూలిపోయేది. ఫెనీ ఏళ్ళ తరబడి నిలవుంటుంది. పాతకాలపు ఇళ్ళలో దాన్ని పెద్ద గాజు బుడ్లలో దాచేవాళ్ళు, ఇప్పుడూ కన్సౌలిం దగ్గర కూలిం ఊళ్ళో కజూలో ఫెనీ వాళ్ళు అలా దాచిన నేలమాళిగలోనే అతిథులకి రుచి చూపిస్తారు. ఉర్రాక్ అట్లా కాదు. వేసవి పోతే అదీ పోతుంది, వాసన దిగిపోతుంది. వర్షాలు పడ్డాక దాన్ని గురించి అడిగితే నవ్వుతారు. డిసెంబర్లో వెళ్ళినవాడికి చెట్టు మీద పండుండదు, ఊళ్ళో జీడి భట్టీ పొయ్యి వెలగదు, గ్లాసులో ఉర్రాక్ పడదు. అతను తాగి వచ్చేది తన ఊళ్ళో దొరికే బీరే, కాకపోతే కొంచెం తక్కువ ధరకి. కొండంత పండగ సీజనులో గోవా వెళ్ళి గోవాదే రుచి చూడకుండా తిరిగొచ్చి, మిగతావాళ్ళకి ఎప్పుడు పోవాలో పాఠం చెప్తాడు!

ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలాకాలం దాన్ని నాటుసారా కింద లెక్కగట్టడం వల్ల గోవా దాటి అమ్ముకునే వీలే లేకుండా పోయింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా గుర్తించాక పరిస్థితి కొంత మారింది. ఇప్పటికీ ఊరి భట్టీలో దిగేదాంట్లో పొలిమేర దాటేది తక్కువే. ఒక చోటికి వెళ్తే తప్ప దొరకని రుచి కోసం ప్రయాణం చేయడంలో అర్థముంది. అన్నిచోట్లా దొరికేదాని కోసం చేయడంలో ఏముంది?

ఈ కాలం లెక్క మనకి తెలియనిదైతే సరే అనుకోవచ్చు. చలికాలం ఈతకల్లు, ఎండాకాలం తాటికల్లు అని మా ఊళ్ళో ఎవరికి తెలియదు? పొద్దెక్కితే పులిసిపోతుందని తెల్లారకముందే చెట్టు కిందికి పోయే మనుషులున్నారు. నల్లమలలో చెంచులు ఇప్పచెట్ల కింద పువ్వు ఏరేదీ మార్చి, ఏప్రిల్లోనే. అదీ రాలినదాన్నే, చెట్టు దులపరు. దిగువమెట్ట దాటి అడవిలోకి పోతే కనబడే ఈ సంగతి తెలిసినవాడే గోవా మాట వచ్చేసరికి చెట్టునీ పండునీ మరిచిపోయి హోటలు పట్టిక పట్టుకుంటాడు.

ఒక తిరకాసు ఉంది, అది ఒప్పుకోవాలి. ఆఫ్ సీజను అన్న ఒక్క పేరు కింద రెండు వేరువేరు కాలాల్ని కట్టేశారు. మే చివరికి తీరం మీద పాకలు విప్పేస్తారు, జూను నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలో ఈతకి దిగనివ్వరు, ఎర్రజెండాలు పాతేస్తారు. ఆ నాలుగు నెలల గురించి మనవాళ్ళు చెప్పేదాంట్లో కొంత నిజముంది. ఆ అభ్యంతరాన్ని తెచ్చి ఏప్రిల్ నెత్తిన రుద్దడం అన్యాయం. ఏప్రిల్లో పాకలున్నాయి, సముద్రం నెమ్మదిగా ఉంది, జనం సగమైంది. వానాకాలంలో కూడా జూన్ 24న సావ్ జోవావ్ పండగుంది. పూలదండలు తలకి చుట్టుకుని కుర్రాళ్ళు బావుల్లో దూకుతారు, దూకినవాడికి ఫెనీ సీసా కానుక. బావిలో దూకటం మనకి రాదా ఏం?

ఇక "ఆఫ్ సీజన్లో ఏం ప్లాన్ చేస్తావు, ఏమీ ఉండదు" అనేవాళ్ళకి. ప్లాన్ మన గుమ్మం ముందే ఉంది, పేరు అమరావతి ఎక్స్‌ప్రెస్. హౌరా వైపు నుంచి వాస్కో పోయే ఈ రైలు గుంటూరు, వినుకొండ, మార్కాపురం రోడ్డు మీదుగా గిద్దలూరు వచ్చి, నల్లమల దాటి నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా గోవాలో దిగుతుంది. బ్రిటిష్ కాలంలో పోర్చుగీసు రేవు మార్మగోవాని బెజవాడతో కలిపిన మీటర్‌గేజి దారే ఇది, 1990లలో బ్రాడ్‌గేజి అయింది. తీరానికి ఇంత దూరాన ఉన్న మెట్ట ఊరికి గోవా నేరుగా అందుబాటులో ఉండటం ఎంత అదృష్టమో మనకి పట్టదు. వారానికి నాలుగు రోజులే నడుస్తుంది కాబట్టి మన రోజుల్ని రైలు బట్టి సర్దుకోవాలి. శని, ఆదివారాలు అక్కడ ఉండకుండా చూసుకుంటే బెంగళూరు, పుణె, బెళగావి కార్లు తప్పుతాయి. మూడు రాత్రులు చాలు. మడగావ్‌లో దిగి కోల్వా, బెనోలిం వైపు గది. ఒక పొద్దు పోండా వైపు. అక్కడి మసాలా తోటల్లో భట్టీ చూపించి వివరంగా చెప్తారు. ఇంకా లోపలికి పోగలిగితే సత్తరి తాలూకా, జీడితోటలకి అదే పేరు. పొద్దున తోటలు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం సముద్రం. నాలుగో పని పెట్టుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికలేవైనా ఉన్నాయేమో మాత్రం చూసుకోవాలి. డ్రై డే నాడు దిగితే నీరో ఒక్కటే గతి.

ద్రాక్ష వైన్ కూడా కావాలనేవాడికి అదే రైలు దారిలో ఇంకో చోటుంది. హొసపేట దాటాక కొప్పళ జిల్లాలో, హంపి కొండల్లో, మన తెలుగువాళ్ళే, గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు, కృస్మ అనే పేరుతో ద్రాక్షతోట వేసి కాబెర్నే సావిన్యాన్ లాంటి రకాలతో వైన్ చేస్తున్నారు. ముందుగా మాట్లాడుకుని, వాళ్ళు రమ్మంటేనే పోవాలి. ఎర్రమట్టి, బండరాళ్ళు, ఎండ, సరిగ్గా మా కనిగిరి వైపు నేలలా కనబడే ఆ చోట ద్రాక్ష పండి వైనవుతోందంటే మా రైతులు కూడా ఒకసారి చూసి రావాల్సిందే.

చివరికి అసలైన అభ్యంతరం. ఇది ట్రావెల్స్ వాళ్ళది కాదు, ఇంట్లో పెద్దవాళ్ళది. "తాగడానికి రైలెక్కి పోవాలా నాయనా?" దీన్ని నవ్వి కొట్టిపారేసేవాడితో నాకు పేచీ. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి నడిచారు. తాగే నీళ్ళు రాని ఊరికి సారా ప్యాకెట్ ఎట్లా వస్తోందని అడిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ తరం ఆడవాళ్ళ ముందు రుచుల గురించి మాట్లాడేవాడు నోరు అదుపులో పెట్టుకోవాలి. వాళ్ళ భయం దేని గురించి? కూలి డబ్బులు ఇల్లు చేరకపోవడం, మనిషి ఒళ్ళు తెలియకుండా పడిపోవడం, ఆ పైన దెబ్బలు. సరిగ్గా ఆ భయానికి రూపమే డిసెంబరు గోవా. ఐదుగురు మగపిల్లలు, ఒక కారు, రాత్రంతా డ్రైవింగు, దిగింది మొదలు ఎక్కేదాకా తాగుడు, ఇంట్లో చెప్పని ఖర్చు. వయసు కూడా చూడండి, మన దగ్గర 21 నిండాలి, అక్కడ 18 చాలు, కాలేజీ కుర్రాళ్ళు ఎగబడేది అందుకే. నేను చెప్పేది రైలు ప్రయాణం, భార్యాభర్తలు కలిసి పోగలిగింది, పొద్దున తోటలో రెండు గుక్కలు. మింగకుండా ఉమ్మేసినా ఎవరూ తప్పుపట్టరు, రుచి చూసేవాళ్ళు చేసేది అదే. తాగుడు అలవాటున్నవాడూ, మానేసి బయటపడినవాడూ ఈ ప్రయాణం పెట్టుకోనేకూడదు. అతనికి ఏ సీజనూ సీజను కాదు.

"మరి ఆడవాళ్ళతో గోవానా?" అని ఇంకొకరు. ఆ మాట అనేది డిసెంబర్లో గోవాలోని బాగా బీచ్‌ని చూసి. ఏప్రిల్ నడివారంలో బెనోలిం చర్చి దారిలో సాయంత్రం నడిచిన ఆడమనిషిని అడగండి, ఎంత ప్రశాంతంగా ఉందో ఆమే చెప్తుంది.

ఇవన్నీ విన్నాక టీకొట్టు బావ అడిగిన ఆఖరి ప్రశ్న: "పోనీ, వచ్చేటప్పుడు రెండు సీసాలన్నా తెస్తావా?" తేను. పక్క రాష్ట్రం మందు పర్మిట్ లేకుండా ఆంధ్రలోకి తేవడం నేరం, ఎక్సైజ్ వాళ్ళకి సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు. పైగా ఉర్రాక్ ఇక్కడికొచ్చేసరికి ఉర్రాక్‌గా మిగలదు. ఇదంతా చెప్పినా ఆయన మొహంలో తేడా లేదు. సీసా రాని ప్రయాణం ఆయన లెక్కలో ప్రయాణమే కాదు. డిసెంబరు వాదమంతా ఆ లెక్క మీదే నిలబడి ఉంది, నా గొడవంతా ఆ లెక్కతోనే. ఆయనకీ ఒక బెర్తు తీస్తానన్నాను. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, మార్చి ఆఖరి వారానికైతే జనవరి ఆఖర్లోనే చెప్పాలి.